ముక్కుకు కొలత: కలకత్తాలో ఒక శాస్త్ర చరిత్ర

భవానీపూర్‌కు ఉత్తరపు అంచున, ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ పేరిట వెలసిన రహదారి మీద ఎస్.ఎస్.కె.ఎం. ఆసుపత్రి ఉంది. వెనుకటి తరాల వారికి అది ప్రెసిడెన్సీ జనరల్ ఆసుపత్రి. మలేరియా వ్యాప్తిలో దోమ పాత్రపై 1898లో రోనాల్డ్ రాస్ పరిశోధన సాగించిన చిన్న ప్రయోగశాల ఆ ఆవరణలోనిదే. కాలిన గాయాలతో ముఖం వికృతమైనవారు, చీలిన పెదవితో పుట్టిన పసిబిడ్డలు నేడు అక్కడి ప్లాస్టిక్ సర్జరీ విభాగాన్ని ఆశ్రయిస్తారు. బోస్ పేరు ఆ వీధికి తగినదే. రాంట్‌జెన్ 1895లో ఎక్స్ కిరణాలను కనుగొన్న కొద్దికాలానికే ఆయన అటువంటి పరికరాన్ని స్వయంగా సమకూర్చుకున్నారు. డాక్టర్ నీలరతన్ సర్కార్ కోరిక మేరకు వెన్ను విరిగిన ఒక రోగిని దానితో పరీక్షించవలసి ఉన్నదని రవీంద్రనాథ్ ఠాగూర్‌కు రాసిన లేఖలో ప్రస్తావించారు. రోగిని కోయకముందే అతని లోపలి రూపును చూడటం ఈ నగరానికి అప్పటినుంచే పరిచితం.

ఇప్పుడు శస్త్రచికిత్సకు ముందే, రాబోయే రూపును కూడా చూపుతున్నారు. ముఖాన్ని మూడు పరిమాణాలలో చిత్రించి, కృత్రిమ మేధ సహాయంతో రేపటి ముక్కును, దవడను తెర మీద చూపే విధానం ప్రపంచమంతటా సౌందర్య చికిత్సాలయాలలో ప్రవేశించింది. కాలిన గాయం లోతును అంచనా కట్టడానికీ, రెండు చెక్కిళ్ళ మధ్య తేడాను లెక్కించడానికీ అటువంటి సాధనాలు ఉపకరిస్తాయి. వాటిని కాదనవలసిన పని లేదు. కాని తెర మీద కనబడే ఆ ముక్కు ఎవరిది? రోగి ముఖం నుంచి పుట్టినదా, వేలాది పరాయి ముఖాల సగటు నుంచి పుట్టినదా? ఈ ప్రశ్న వెనుక ఉన్న చరిత్రలో గణనీయమైన భాగం కలకత్తాలోనే నడిచింది. అందులో ఒక తెలుగువాని పాత్ర ఉంది.

మొదటి కొలబద్ద ఒక ఆకు. తెగిన ముక్కు ప్రమాణానికి సరిపడే ఆకును తీసుకొని, దాని మేరకు చెక్కిలి నుంచి చర్మాన్ని మలచాలని సుశ్రుత సంహిత విధించింది. ఆ గ్రంథాన్ని 1835-36లో కలకత్తాలో అచ్చు వేయించిన పండిత మధుసూదన గుప్త, అదే కాలంలో కలకత్తా మెడికల్ కాలేజీలో శవచ్ఛేదం చేసి చరిత్రకెక్కారు. అంతకు నాలుగు దశాబ్దాల ముందు, 1794 అక్టోబరులో, లండన్‌లోని జెంటిల్‌మన్స్ మ్యాగజీన్ ఒక బొమ్మను ప్రచురించింది. అది టిప్పు సుల్తాన్ సేనల చేత చిక్కి ముక్కు కోల్పోయిన కావస్‌జీ అనే ఎద్దుబండి తోలరిది. ఆంగ్ల సైన్యంలో పనిచేసిన ఆయనకు పూనా ప్రాంతపు దేశీయ వైద్యుడొకరు నుదుటి చర్మంతో కొత్త ముక్కు అమర్చాడు. ఆ వైద్యుడు చేసిన మొదటి పని మైనంతో ఒక పలుచని ముక్కును మలచి రోగి ముఖానికి అమర్చి చూడటం. తర్వాత దానిని చదును చేసి నుదుటిపై పరచి, దాని చుట్టూ గీత గీసుకున్నాడు. నేటి కంప్యూటర్ తెరకు ఇంతకన్న దగ్గరి పూర్వరూపం మరొకటి లేదని చెప్పవచ్చు. ఆ వృత్తాంతం చదివిన జోసెఫ్ కార్ప్యూ అనే ఆంగ్ల వైద్యుడు 1814లో లండన్‌లో అదే పద్ధతిని అనుసరించాడు. ఆకైనా, మైనమైనా కొలత తీసుకున్నది ఆ రోగి ముఖం నుంచే.

పందొమ్మిదవ శతాబ్ది చివరకు ముక్కు కొలత మరో దారి పట్టింది. వలసపాలనాధికారి హెర్బర్ట్ రిస్లీ 1891లో కలకత్తాలో ప్రచురించిన బెంగాల్ తెగల, కులాల గ్రంథం కోసం వేలమంది ముఖాలను కొలిపించాడు. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి వచ్చిన సూచిక హెచ్చినకొద్దీ సాంఘిక స్థాయి తగ్గుతుందని తేల్చాడు. మనిషి ముఖం మీద కొలబద్ద మోపి అంతస్తును నిర్ణయించే ఈ సాహసం పాలకులకు ఎంత అనుకూలమో వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఈ రంగానికి దాదాపు అనుకోకుండా వచ్చారు. 1920 నాగపూర్ సైన్స్ కాంగ్రెస్ సందర్భంగా నెల్సన్ అనందేల్ ఆయన చేతికి కలకత్తా ఆంగ్లో-ఇండియన్ల శరీరమానాలను ఇచ్చి విశ్లేషించమన్నారు. ఆ పని పదహారేళ్ళ తరువాత, 1936లో, 'మహలనోబిస్ దూరం'గా పరిణమించింది. ముక్కు పొడుగైనవాని ముఖం కూడా సాధారణంగా పొడుగే. అందుచేత రెండు కొలతలనూ విడివిడిగా కలిపితే ఒకే తేడాను రెండుసార్లు లెక్కించినట్లవుతుంది. కొలతల మధ్యనున్న ఆ పరస్పర సంబంధాన్ని పరిహరించి రెండు సమూహాల నిజమైన ఎడమును తెలిపేదే ఆయన సూత్రం. ఇంతేకాక, రిస్లీ అంకెలను తిరిగి పరిశీలించి వాటిలోని పొరపాట్లను 1933లో 'సాంఖ్య' పత్రికలో సవరించారు. ముఖపు పార్శ్వరూపాన్ని ఛాయాచిత్రంగా నమోదు చేసే 'ప్రొఫైలోస్కోప్' అనే పరికరాన్ని కూడా రూపొందించారు. ఆయనా తన కాలపు జాతి పరిభాషలోనే ఆలోచించారన్నది నిజమే. అయినా ఆయన దూరానికి పరిమాణం ఉన్నది గాని పైనా కిందా అన్నవి లేవు.

1941 జనవరిలో ఆయన సంస్థలో చేరిన ఇరవై ఏళ్ళ యువకుడు కల్యంపూడి రాధాకృష్ణారావు. హడగళిలో జన్మించి, గూడూరు, నూజివీడు, నందిగామలలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ముగించుకొని వచ్చినవాడు. 1941లో సంయుక్త రాష్ట్రాలలో డి.ఎన్. మజుందార్ సేకరించిన తల, ముఖం, ముక్కు కొలతలపై మహలనోబిస్, మజుందార్, రావు కలిసి చేసిన అధ్యయనం 1949లో వెలువడింది. మధ్యలో 1946లో ఆయనను కేంబ్రిడ్జికి పంపినదీ ఇటువంటి పనికే: సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన ప్రాచీనుల అస్థికలను గణితంతో పరిశీలించడానికి. ఒక కొత్త వ్యక్తి అనేక సమూహాలలో దేనికి చేరువో బహు కొలతల ఆధారంగా నిర్ణయించే పద్ధతిని 1948లో ప్రకటించారు. నేటి యంత్రాలు చేసే వర్గీకరణకు ఇది పూర్వీకులలో ఒకటి.

దీనికి ముందు, 1945లో, ఆయన ప్రకటించిన వ్యాసం మరింత ప్రసిద్ధం. గణాంక రాశుల మధ్య దూరాన్ని వక్రతలంపై దూరంగా భావించే ఆలోచన అందులో ఉంది. నాడీజాల యంత్రాలకు శిక్షణనిచ్చే కొన్ని పద్ధతులలోనూ, ఆకృతుల పోలికలోనూ అది నేడు వినియోగంలో ఉంది. ఆ వ్యాసం అచ్చయినది కలకత్తా గణిత సంఘపు బులెటిన్‌లో. 1908లో ఆ సంఘాన్ని స్థాపించి అధ్యక్షత వహించినవారు భవానీపూర్ నివాసి సర్ అశుతోష్ ముఖర్జీ. ఇంటి ముందరి రసా రోడ్డులో కొంత భాగం నేడు ఆయన పేరనే ఉంది.

ఈ గణితమంతా వైద్యానికి చేరినప్పుడు పాత దోషం కొత్త వేషంలో ప్రవేశించింది. 1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్ ఎక్స్‌రేతో తలను ప్రమాణబద్ధంగా చిత్రించే పరికరాన్ని తెచ్చాడు. 1948లో డౌన్స్ దవడ కోణాలకు ప్రమాణాలు నిర్ణయించాడు. ఆ ప్రమాణాలకు ఆధారం పన్నెండు నుంచి పదిహేడేళ్ళ లోపు శ్వేతజాతి బాలబాలికలు ఇరవైమంది. దూరాన్ని లోపంగా చదవడం ఇక్కడే మొదలవుతుంది. ఆ ఇరవైమందికి దూరమైన దవడను దిద్దవలసిన దవడగా చూసే ప్రమాదం దీనినుంచే వచ్చింది.

కృత్రిమ మేధకు ఆహారం ఛాయాచిత్రాలు. ఎవరి చిత్రాలు ఎక్కువైతే వారి రూపమే దానికి సహజరూపం. 2018లో జాయ్ బులామ్విని, టిమ్నిట్ గెబ్రు మూడు వాణిజ్య ముఖవిశ్లేషణ వ్యవస్థలను పరీక్షించారు. స్త్రీపురుషులను గుర్తించడంలో లేతరంగు పురుషుల విషయంలో పొరపాటు నూటికి 0.8ని మించలేదు, ముదురురంగు స్త్రీల విషయంలో అది 34.7 వరకు వెళ్ళింది. చిత్రం సైతం సత్యవాది కాదు. పన్నెండు అంగుళాల దూరం నుంచి చేతిఫోనుతో తీసుకున్న చిత్రం, అయిదు అడుగుల నుంచి తీసిన దానికంటె ముక్కును సుమారు ముప్పై శాతం వెడల్పుగా చూపుతుందని అదే ఏడాది వెలువడిన ఒక గణన. ఆ చిత్రాన్ని చూసి బాధపడి వచ్చిన యువతికి ముందుగా కావలసినది కత్తి కాదు, మరో నాలుగడుగులు వెనక్కు జరిగిన కెమెరా. భవానీపూర్ ఆసుపత్రికి వచ్చే కాలిన ముఖానికి కావలసినది ఇంకొకటి: సగటు ముఖం కాదు, గాయానికి ముందున్న తన ముఖమే. యంత్రానికి ఆ పాత చిత్రాన్ని చూపి, దాని వైపు దారి లెక్కించమనవచ్చు. గణితం రెండింటికీ ఒకటే. గమ్యాన్ని ఎవరు నిర్ణయిస్తారన్నదే తేడా.

సి.ఆర్. రావుకు 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర పురస్కారం లభించింది. ఆ ఏడాది ఆగస్టులోనే, నూట మూడవ పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు, అమెరికాలో కన్నుమూశారు. కావస్‌జీకి జరిగిన చికిత్స నేడు నుదుటి చర్మపు ఫ్లాప్ పేరుతో శస్త్రచికిత్సా గ్రంథాలన్నింటా ఉంది. తెర మీద ఏ చిత్రం చూపినా, ఆపరేషన్ బల్ల దగ్గర అనేకమంది సర్జన్లు కుట్టుదారం పొట్లంలోని రేకును తీసి, రోగి ముక్కుపై ఒత్తి, ఆ మేరకు కత్తిరించి నుదుటిపై పరుస్తారు.