లాంగ్ పింగ్
లాంగ్ పింగ్ (జననం: 1960 డిసెంబరు 10, తియాన్‌జిన్) చైనా వాలీబాల్ క్రీడాకారిణి, శిక్షకురాలు. ఒలింపిక్ వాలీబాల్‌లో క్రీడాకారిణిగానూ ప్రధాన శిక్షకురాలిగానూ స్వర్ణం సాధించిన తొలి వ్యక్తి. 1.84 మీటర్ల ఎత్తున్న ఆమెకు బలమైన స్మాష్‌ల వల్ల ‘ఉక్కు సుత్తి’ అనే పేరు వచ్చింది. 1981, 1985 ప్రపంచ కప్‌లు, 1982 ప్రపంచ ఛాంపియన్‌షిప్, 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ గెలిచిన చైనా జట్లలో ఆమె ప్రధాన అటాకర్.

1995లో జాతీయ మహిళా జట్టు శిక్షకురాలై, మరుసటి ఏడాది అట్లాంటా ఒలింపిక్స్‌లో రజతం తెచ్చారు. 2005లో అమెరికా మహిళా జట్టు బాధ్యత తీసుకున్నారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ గ్రూప్ దశలో ఆ జట్టు ఆతిథ్య చైనాను 3-2 సెట్లతో ఓడించి, చివరికి రజతం పొందింది.

2013లో తిరిగి చైనా జట్టును చేపట్టారు. 2016 రియో ఒలింపిక్స్ గ్రూప్ దశలో ఐదింట మూడు మ్యాచ్‌లు ఓడిన చైనా, క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య బ్రెజిల్‌ను 3-2తో, సెమీస్‌లో నెదర్లాండ్స్‌ను, ఫైనల్లో సెర్బియాను 3-1తో ఓడించి స్వర్ణం గెలిచింది. శిక్షకురాలిగా ఆమె సాధించిన అత్యున్నత విజయం ఇదే. 2015, 2019 ప్రపంచ కప్‌లూ ఆమె శిక్షణలో దక్కినవే. రెండోదానిలో చైనా ఆడిన 11 మ్యాచ్‌లూ గెలిచింది. టోక్యో ఒలింపిక్స్‌లో జట్టు గ్రూప్ దశ దాటకపోవడంతో 2021లో పదవి వీడారు. 2002లో అంతర్జాతీయ వాలీబాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు పొందారు.