గుడ్డులో గుడ్డు: డైనోసార్లకు, పక్షులకు మధ్య బంధం గురించి ధార్ శిలాజం ఏం చెబుతోంది?

డైనోసార్లకు, పక్షులకు ఉన్న బంధానికి బాగా తెలిసిన రుజువు ఈకలు. 1861లో జర్మనీలో వెలుగు చూసిన ఆర్కియోప్టెరిక్స్‌కు పక్షి ఈకలతో పాటు పళ్లు, పొడవాటి ఎముకల తోక ఉన్నాయి. దాని వయసు సుమారు 15 కోట్ల ఏళ్లు. 1990ల నుంచి చైనాలోని లియావోనింగ్‌లో ఈకలున్న డైనోసార్లు, తొలి పక్షులు వరసగా బయటపడ్డాయి. భారత్‌లో ఈ బంధం గురించి ఆలోచింపజేసిన ఆధారం ఒక గుడ్డు.

ఎక్కడ దొరికింది?

మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లా బాగ్ ప్రాంతంలో, 10 గుడ్లున్న ఒక టైటనోసార్ గూడులో ఇది దొరికింది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన హర్ష ధీమన్, గుంటుపల్లి ప్రసాద్, ధార్ జిల్లాకు చెందిన ఉపాధ్యాయుడు విశాల్ వర్మ ఈ అధ్యయనాన్ని 2022 జూన్‌లో 'సైంటిఫిక్ రిపోర్ట్స్' పత్రికలో ప్రచురించారు. తెలంగాణలోని నస్కల్‌లో డైనోసార్ల కాలం నాటి క్షీరదాల శిలాజాలను అశోక్ సాహ్నితో కలిసి 1988లో వెల్లడించినది కూడా ఈ ప్రసాదే.

ప్రత్యేకత ఏమిటి?

సుమారు 16.6 సెంటీమీటర్ల వ్యాసమున్న ఈ గుడ్డు లోపల మరో పెంకు ఉంది. కోళ్లలోనూ ఇలా అరుదుగా జరుగుతుంది. పెంకు కట్టిన గుడ్డు బయటికి రాకుండా అండవాహికలో వెనక్కి వెళ్తే, దాని చుట్టూ మరో గుడ్డు ఏర్పడుతుంది. అంతకుముందు దీన్ని పక్షుల్లోనే గుర్తించారు.

తాబేళ్లు, బల్లుల అండవాహికలో పొర, పెంకు ఒకే భాగంలో తయారవుతాయి. మొసళ్లు, పక్షుల్లో వీటికి వేర్వేరు భాగాలుంటాయి. అయితే మొసలి గుడ్లన్నీ ఒకేసారి పెడుతుంది, పక్షి ఒక్కొక్కటిగా పెడుతుంది. టైటనోసార్ల అండవాహిక కూడా భాగాలుగా ఉండేదని, అవి పక్షుల్లా ఒకదాని తర్వాత ఒకటి గుడ్లు పెట్టి ఉండొచ్చని పరిశోధకులు భావిస్తున్నారు.

అయితే పక్షులు పుట్టింది థెరోపాడ్ డైనోసార్ల నుంచి. టైటనోసార్లు పొడవాటి మెడలున్న సారోపాడ్ శాఖవి, అంటే పక్షులకు పూర్వీకులు కావు, దూరపు బంధువులు. పైగా ఇప్పటికి చేతిలో ఉన్నది ఒకే గుడ్డు. ఒక్క లక్షణంతో టైటనోసార్లను అన్ని విషయాల్లో పక్షుల్లా ఊహించలేం. ఇదే బృందం 2023 జనవరిలో నర్మదా లోయలోని 92 గూళ్లు, 256 గుడ్ల వివరాలు ప్రచురించింది. గూళ్లు బాగా దగ్గర దగ్గరగా ఉండటంతో, తల్లులు వాటిని కనిపెట్టుకుని ఉండకపోవచ్చని అంచనా వేసింది.

రక్షణ ఎలా?

ఏ గుడ్డు ఏ గూటిదో, పక్కన ఏమున్నాయో తెలిస్తేనే ఇలాంటి నిర్ధారణలు సాధ్యం. తవ్వి పట్టుకుపోయిన గుడ్డు అలంకరణ వస్తువుగా మిగులుతుంది తప్ప, ఈ వివరాలు చెప్పలేదు. భూవారసత్వ స్థలాలు, శిలాజాల పరిరక్షణకు కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ముసాయిదా బిల్లు విడుదల చేసింది. అప్పటికి వీటి కోసం ప్రత్యేక కేంద్ర చట్టం లేదు.