అన్నం, గడ్డి, సముద్రపు జిగురు



మన సరిహద్దు జిల్లాల్లో ఏ చెరువు కింద పండిన వరినైనా తీసుకోండి. గింజ మనకు, గడ్డి ఎద్దుకు. తాతల నాటి పంపకం ఇది. అయితే గింజలోని పిండిపదార్థం, గడ్డిలోని సెల్యులోజు రెండూ ఒకే గ్లూకోజు అణువులతో కట్టినవే. మరి గింజ మన కడుపులో అరుగుతుంది, గడ్డి ఎందుకు అరగదు? ఇటుక ఒకటే అయినా పేర్చిన తీరు వేరు. పిండిపదార్థంలో గ్లూకోజులను కలిపే బంధం ఒక దిక్కుకు తిరిగి ఉంటే, సెల్యులోజులో మరో దిక్కుకు తిరిగి ఉంటుంది. మొదటి బంధాన్ని తెంపగల ఎంజైములు మనకున్నాయి, రెండోదానికి లేవు. ఎద్దుకూ సొంతంగా లేవు. దాని కడుపులో కాపురముండే సూక్ష్మజీవులే ఆ పని చేసిపెడతాయి.

ఈ పేర్పును మనిషి ఎలా కనుక్కున్నాడు, అందులో బెంగళూరు పాత్ర ఏమిటి, సముద్రంలోని సూక్ష్మజీవుల దగ్గర ఆ కథ ఎందుకు ఇంకా ముగియలేదు అన్నదే నేటి ప్రసంగం.

జర్మనీ శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ 1891లో గ్లూకోజు అణువులో పరమాణువుల అమరికను తేల్చాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తర్వాత ఇంగ్లండులో నార్మన్ హావర్త్ చక్కెర అణువులు వలయాకారంలో ఉంటాయని నిరూపించి, 1937లో అదే బహుమతిని పంచుకున్నాడు. అలా ఇటుక రూపం తెలిసింది. గోడ రూపం ఇంకా తెలియలేదు.

ఆ లోపల సముద్రపు చక్కెర ఒకటి వైద్యశాలలోకి వచ్చింది. దాని పేరు అగర్. సముద్రంలో పెరిగే ఎర్ర నాచును ఉడికిస్తే వచ్చే జిగురు అది. జర్మనీలో వాల్టర్ హెస్ అనే వైద్యుడు సూక్ష్మజీవులను జెలటిన్ మీద పెంచడానికి తంటాలు పడుతుండేవాడు. వేసవి వేడికి జెలటిన్ కరిగిపోయేది. కొన్ని క్రిములు దానిని తినేసేవి కూడా. 1881లో ఆయన భార్య ఫానీ హెస్ తన వంటింటి ఉపాయం చెప్పింది. పండ్ల జెల్లీ గట్టిపడడానికి తాను వాడే అగర్‌ను ప్రయత్నించి చూడమంది. ఒకసారి గట్టిపడిన అగర్ మళ్లీ కరగాలంటే సుమారు 85 డిగ్రీల వేడి కావాలి. మన ఒంటి వేడిలో అది చెక్కుచెదరదు. రాబర్ట్ కాక్ 1882లో క్షయ క్రిమి గురించి ప్రకటించిన వ్యాసంలో అగర్ ప్రస్తావన ఉంది, హెస్ దంపతుల పేరు మాత్రం లేదు. పళ్లేనికి పెట్రీ పేరు నిలిచింది. పళ్లెంలోని పదార్థాన్ని చూపించిన ఇల్లాలి పేరు ఎందరికి తెలుసు?

అప్పట్లో అగర్‌కు ప్రపంచమంతా జపాన్ మీదే ఆధారపడేది. 1941 డిసెంబరులో ఆ దేశం యుద్ధంలోకి దిగగానే సరఫరా నిలిచిపోయింది. ఆసుపత్రులకు అవసరమైన వస్తువు కాబట్టి దేశదేశాలు తమ తీరాల్లో నాచు కోసం వెదకవలసి వచ్చింది. జపాన్‌లోనే చోజి అరాకి అనే రసాయనవేత్త అగర్‌లో రెండు భాగాలున్నాయని చూపించి, 1956 నాటికి అందులో ముఖ్యమైన అగరోజు నిర్మాణాన్ని వివరించాడు. రెండు రకాల గాలక్టోజు అణువులు ఒకటి విడిచి ఒకటి చేరిన గొలుసు అది.

ఇప్పుడు బెంగళూరుకు వద్దాం. గొలుసులో ఏ చక్కెర పక్కన ఏది ఉందో తెలిస్తే చాలదు. ఆ గొలుసు ఎలా మెలితిరుగుతుందో కూడా తెలియాలి. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, ఆయన సహచరులు 1963లో ప్రొటీన్ గొలుసులకు ఈ లెక్క కట్టారు. ప్రతి కీలు దగ్గర అణువులు ఒకదానికొకటి తగలకుండా ఎన్ని డిగ్రీలు తిరగగలవో చూడడమే అందులోని సూత్రం. అదే సూత్రాన్ని చక్కెరలకు అన్వయించి, 1967లో పిండిపదార్థంలోని అమైలోజు ఆకృతిపై పరిశోధన ప్రకటించినవారిలో వి.ఎస్.ఆర్. రావు ఒకరు. 1970ల ప్రారంభంలో వీరిద్దరూ బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో అణు జీవభౌతిక విభాగంలో పనిచేశారు. రావు చక్కెరల ఆకృతి మీదే పరిశోధన సాగించి, 1998లో ముగ్గురు సహరచయితలతో కలిసి ఆ విషయంపై గ్రంథం వెలువరించారు.

ఈ లెక్కలు మనకెందుకని అనకండి. పిల్లలు బడిలో ఉర్లగడ్డ ముక్క మీద అయోడిన్ చుక్క వేస్తే నల్లని నీలం వస్తుంది కదా! అమైలోజు స్ప్రింగులా చుట్టుకొని, ఆ చుట్ల మధ్య అయోడిన్‌ను ఇరికించుకోవడం వల్లనే ఆ రంగు. గొలుసు మెలికే అక్కడ మన కంటికి కనబడుతుంది.

ఇక సముద్రపు సూక్ష్మజీవుల సంగతి. ఉప్పునీటిలో కొన్నాళ్లున్న పడవ అడుగును తడిమితే జారుడుగా తగులుతుంది. బాక్టీరియాలు తమ చుట్టూ అల్లుకునే చక్కెర జిగురు అందులో ముఖ్య భాగం. పోర్ఫిరీడియం అనే ఏకకణ ఎర్ర శైవలం కూడా ఇలాంటి జిగురునే విడుస్తుంది. జైలోజు, గ్లూకోజు, గాలక్టోజు అందులో ప్రధానం, వాటికి తోడు గంధకంతో కూడిన సల్ఫేటు గుంపులూ ఉంటాయి. ఆ గుంపుల రుణావేశం లోహపు అయాన్లను ఆకర్షిస్తుంది.

వీటి నిర్మాణం తేల్చడం ఎందుకంత కష్టం? ఒక చిన్న లెక్క చూడండి. ప్రొటీన్లలో ఉండే గ్లైసిన్ అణువులు రెండు తీసుకుంటే, అవి పెప్టైడు బంధంతో ఒకే ఒక్క విధంగా గొలుసుకడతాయి. ఆరు మూలల గ్లూకోజు వలయాలు రెండు మాత్రం 11 విధాలుగా కలవగలవు. నాలుగైదు రకాల చక్కెరలు, కొమ్మలు, సల్ఫేట్లు చేరితే ఎన్ని అవకాశాలో మీరే ఊహించుకోండి. అందుకే రసాయనవేత్తలు ఆ గొలుసును ఆమ్లంతో తుంచి, ముక్కలను గుర్తించి, అయస్కాంత అనునాద యంత్రాలతో బంధాల జాడ తీస్తారు.

ఈ శ్రమకు ఫలం ఉందా? 2015లో మొరాకో తన తీరంలో నాచు సేకరణకు పరిమితి పెట్టగానే ప్రపంచమంతటా ప్రయోగశాలలకు అగర్ కొరత వచ్చింది. 1941 నాటి పాఠమే మళ్లీ వచ్చిందన్నమాట. మన ఊరి రోగి ఒంట్లో ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూసే పళ్లెంలో ఉండేది ఆ సముద్రపు చక్కెరే. తీరాల్లో నాచును పీకుతూ పోతే ఒకనాటికి తరిగిపోతుంది. సూక్ష్మజీవులనైతే తొట్టెలలో పెంచవచ్చు. కాని అవి ఇచ్చే జిగురు అగర్ చేసే పని చేస్తుందా లేదా అన్నది దాని నిర్మాణం తెలిస్తే గాని చెప్పలేం.

కాబట్టి, శ్రోతలారా, ఈసారి అన్నం వార్చేటప్పుడు గంజిలోని జిగటను ఒక్కసారి వేళ్లతో తాకి చూడండి. అది వంటింటి సంగతీ అవును, విజ్ఞాన శాస్త్రం సంగతీ అవును. వంటింట్లో చూసినదాన్ని ప్రయోగశాలకు అందించిన ఫానీ హెస్ పేరు మీ పిల్లలకు చెప్పండి. ఆ జిగటలోని మెలికను లెక్కగట్టిన శాస్త్రవేత్తలు మనకు దూరంవారు కారని, బెంగళూరులోనే పనిచేశారని కూడా చెప్పండి.