మ్యాన్‌హోల్‌ను చూడని చట్టం

1993లో పార్లమెంటు పాకీపనిని నిషేధించింది. అయితే ఆ చట్టం పొడి మరుగుదొడ్లనే చూసింది. వీధి కింది మురుగుకాలువలోకి దిగే కార్మికుణ్ణి చూడలేదు. అతడు చట్టానికి కనబడటానికి మరో ఇరవయ్యేళ్లు పట్టింది. 2013 చట్టం సైతం రక్షణ పరికరాలు లేకుండా దింపడాన్నే నేరమన్నది, దింపడాన్ని కాదు. ఆ సందులోంచే గుత్తేదారులు తప్పించుకుంటున్నారు.

మురుగులో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షల రూపాయలు చెల్లించాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023లో దానిని 30 లక్షలకు పెంచుతూ, మనుషులను దింపే పద్ధతినే దశలవారీగా నిర్మూలించాలన్నది. మూడు దశాబ్దాల్లో పరిహారం పెరిగింది. విషవాయువు మాత్రం అదే, దిగేవారి కులమూ దాదాపు అదే. అంటరానితనాన్ని రద్దుచేసిన రాజ్యాంగపు 17వ అధికరణం ఇంకా మ్యాన్‌హోల్ మూత దగ్గరే ఆగివుంది.