నేల దూరమైన స్మృతి: ధహ్రాన్ మృతులు, వారిని తలచే సామాన్యులు

సౌదీ అరేబియా తూర్పు ప్రాంతంలోని ధహ్రాన్ పేరు చరిత్ర గ్రంథాలలో ఎక్కువగా చమురుతో ముడిపడి కనిపిస్తుంది. 1938లో దమ్మామ్ 7వ నంబరు బావిలో చమురు సమృద్ధిగా పడిన తరువాత ఎడారి గుట్టల నడుమ పెరిగిన ఈ పట్టణానికి, 1940ల నడుమ అమెరికా సైన్యం నిర్మించిన విమానాశ్రయం రెండో గుర్తింపు తెచ్చింది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక ఆ విమానాశ్రయమూ, పక్కనున్న దమ్మామ్ రేవూ సంకీర్ణసేనకు, అంటే ఇరాక్‌పై పోరుకు కలిసిన అనేక దేశాల సైన్యాలకు, ముఖ్యమైన దిగుడు స్థావరాలయ్యాయి. యుద్ధరేఖకు ఎంతో దూరంలో ఉండి కూడా ఈ చోటు ఆరేళ్ల లోపే రెండుసార్లు సైనికుల మృత్యుస్థలమైంది.

మొదటిది 1991 ఫిబ్రవరి 25 రాత్రి జరిగింది. ఇరాక్ ప్రయోగించిన స్కడ్ తరహా క్షిపణి, ధహ్రాన్‌ను ఆనుకొని ఉన్న అల్ ఖోబర్‌లో బసగా మార్చిన ఒక గోదాముపై పడి 28 మంది అమెరికన్ సైనికులను బలిగొన్నది. ఆ యుద్ధంలో పోరాట మృతులుగా అమెరికా లెక్కించిన 148 మందిలో దాదాపు ఐదో వంతు ఆ ఒక్క ఘటనలోనే పోయారు. క్షిపణులను ఆకాశంలోనే అడ్డుకోవలసిన పేట్రియట్ వ్యవస్థ 100 గంటలకు పైగా ఆగకుండా నడవడంతో, సెకనులో పదో వంతును కంప్యూటరు ద్విసంఖ్యా పద్ధతిలో కచ్చితంగా రాయలేక వదిలేసిన అతి స్వల్ప భాగం పోగుపడి సెకనులో మూడో వంతు తేడాగా మారింది. ఆ తేడా వల్ల వ్యవస్థ క్షిపణి కోసం ఆకాశంలో తప్పుచోట వెదికింది. ఆ లోపాన్ని సవరించే సాఫ్ట్‌వేరు మరునాడు ధహ్రాన్ చేరింది.

మృతులలో 13 మంది పెన్సిల్వేనియా రాష్ట్రంలోని గ్రీన్స్‌బర్గ్ అనే చిన్న పట్టణం కేంద్రంగా ఉన్న 14వ క్వార్టర్‌మాస్టర్ దళానికి చెందినవారు. క్వార్టర్‌మాస్టర్ దళమంటే సేనకు సామగ్రి సమకూర్చే విభాగం. ఈ దళం పని నీటిని శుద్ధిచేసి సైనికులకు అందించడం. 69 మందితో సౌదీ గడ్డపై దిగి ఆరు రోజులే అయిన ఈ దళంలో చనిపోయినవారు, గాయపడినవారు కలిసి 56 మంది. వీరంతా రిజర్వ్ సైనికులు. అంటే మామూలు రోజుల్లో తమ ఉద్యోగాలో చదువులో చూసుకుంటూ, నెలకొక వారాంతమూ ఏడాదికి రెండు వారాలూ శిక్షణ పొంది, పిలుపు వచ్చినప్పుడు యూనిఫాం తొడిగే పౌరులు. ఈ కారణం చేత ఆ నష్టం ఒక సైనిక పటాలానికి కలిగినదిగా మిగలక ఒక ఊరికే కలిగినదైంది.

రెండోది 1996 జూన్ 25 రాత్రి, అల్ ఖోబర్‌లోని ఖోబర్ టవర్స్ నివాస సముదాయం బయట నిలిపిన ట్యాంకర్ లారీ బాంబు పేలినప్పుడు జరిగింది. అందులో 19 మంది అమెరికన్ వైమానిక సిబ్బంది మరణించారు. రెండు ఘటనల్లోనూ మృతదేహాలను స్వదేశానికి తరలించారు గనుక, మరణించిన నేలపై వారికి సమాధులు లేవు.

ఈ తరలింపు వెనుక ఒక ఆచారపు మార్పు ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సామ్రాజ్య సేనలు, భారతీయ సైనికులతో సహా, ఎక్కడ పోయినవారిని అక్కడే ఖననమో దహనమో చేసి స్మారకాలు నిలిపే పద్ధతిని పాటించాయి. అమెరికా మాత్రం కొరియా యుద్ధకాలం నుంచి, పోరు సాగుతుండగానే మృతులను ఇళ్లకు చేర్చసాగింది. చనిపోయిన చోట సమాధి ఉన్నప్పుడు అక్కడి సామాన్యులు దాని బాధ్యత తీసుకోవడం కద్దు. నెదర్లాండ్స్‌లోని మార్గ్రాటెన్‌లో రెండో ప్రపంచ యుద్ధపు అమెరికన్ సమాధులు 8,000కు పైగా ఉండగా, 1945 నుంచి స్థానిక కుటుంబాలు వాటిని ఒక్కొక్కటిగా దత్తత తీసుకొని పూలు ఉంచుతున్నాయి. మృతుడు ఇంటికి చేరినప్పుడు ఆ బాధ్యత స్వదేశంలోని అపరిచితులదవుతుంది. అమెరికా రాజధాని చెంతనున్న ఆర్లింగ్టన్ శ్మశానవాటికలో, బంధువులెవరూ రాని అంత్యక్రియలను చూసి కలతచెందిన వైమానిక దళాధిపతి భార్య గ్లాడిస్ వాండెన్‌బర్గ్ 1948లో మొదలుపెట్టిన ఆనవాయితీ ప్రకారం, ఏ సైనికుడూ ఒంటరిగా సాగిపోకుండా స్వచ్ఛంద సేవకురాలు ఒకరు హాజరవుతారు.

పోరులో పోయినవారి స్మృతిని సామాన్యులే మోయడం తెలుగు నేలకు కొత్త కాదు. పోరులో పడినవారికి ఊళ్లలో నిలిపిన శిలలను వీరగల్లులంటారు. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధ మృతులకు కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజుల ఉత్సవం జరుగుతుంది. వీరాచారవంతులు, అంటే ఈ ఆరాధనను వంశపారంపర్యంగా పాటించే కుటుంబాలవారు, వీరుల ఆయుధాలుగా భావించే కొణతాలను ఊరూరి నుంచి మోసుకొచ్చి నాగులేటిలో శుద్ధిచేస్తారు. రాజ్యాలు మారినా ఆ కుటుంబాలు రావడం మానలేదు.

అయితే కారెంపూడిలో నెత్తురు చిందిన నేలా, దండం పెట్టే నేలా ఒక్కటే. ధహ్రాన్ మృతుల విషయంలో ఆ రెంటి మధ్య ఒక మహాసముద్రం అడ్డున్నది. గ్రీన్స్‌బర్గ్‌లో స్మారకం నెలకొల్పిన నాటి నుంచి ఏటా ఫిబ్రవరి 25న మృతుల కుటుంబాలు, నాడు బతికి బయటపడినవారు, ఊరివారు అక్కడ గుమిగూడతారు. వారి ముందున్నది యుద్ధభూమి కాదు, శిక్షణకు వచ్చే రిజర్వ్ సైనికుల మామూలు కేంద్రం. నేల ఇవ్వవలసిన ఆనవాలు లేనప్పుడు స్మృతి భారమంతా ఒక తేదీ మీదా, కొన్ని పేర్ల మీదా పడుతుంది. తేదీ తనంతట తానే వస్తుంది. పేర్లను మాత్రం ఏటా ఎవరో ఒకరు వచ్చి పలకాలి.