క్రిస్మస్ సెలవుల్లో చూడదగిన హాస్య చిత్రాలు: ఖరిదా తెలుగు ఇళ్లకు ఒక పరిచయం

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఖరగ్‌పూర్‌లో డిసెంబరు 25ను బెంగాలీ పొరుగువారు ‘బొడొదిన్’ అంటారు, తెలుగువారు క్రిస్మస్ అంటారు. సెలవు మాత్రం అందరిదీ. ఆ రోజుల్లో తాతలు, మనుమలు కలిసి చూడగల హాస్య చిత్రాన్ని ఎంచుకోవడంలో ఖరిదా ఇళ్లకు మరొక ప్రయోజనం కూడా ఉంది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా కల్పించింది. అయినా బడిలో ఇతర భాషల్లో చదివే పిల్లలకు తెలుగు ప్రధానంగా చెవి ద్వారానే అందుతుంది. వారికి మంచి సంభాషణ వినిపించడమూ అవసరమే.

ఆ దృష్టితో మొదట చెప్పవలసిన చిత్రం 1955 జనవరి 12న విడుదలైన ‘మిస్సమ్మ’. విజయా సంస్థ నిర్మించిన ఈ చిత్రానికి దర్శకుడు ఎల్.వి. ప్రసాద్. దీని మూలం బెంగాలీదే. రవీంద్రనాథ్ మైత్ర రచించిన ‘మాన్‌మొయీ గర్ల్స్ స్కూల్’ అనే హాస్య కథను, శరత్ నవలలను తెలుగు చేసిన చక్రపాణి మన పల్లె వాతావరణానికి మలిచారు. 1958లో ఇదే కథ ఉత్తమ్ కుమార్ నటించగా బెంగాలీ తెరపైకి వచ్చింది. పొరుగింటి పెద్దలను అడిగితే గుర్తు చేసుకోవచ్చు.

మేరీ క్రైస్తవ యువతి, ఎం.టి. రావు హిందువు. జమీందారు బడిలో ఉపాధ్యాయ ఉద్యోగాలు భార్యాభర్తలకే అని తెలిసి, ఇద్దరూ దంపతులుగా నటిస్తారు. సావిత్రి చిరాకు, ఎన్.టి. రామారావు నిదానం, అరకొర డిటెక్టివ్‌గా అక్కినేని, అప్పు పేరిట మేరీని వేధించే డేవిడ్‌గా రమణారెడ్డి ఎంత నవ్విస్తారో, ఆదరణతోనే ఆమెకు ఊపిరాడనివ్వని జమీందారు దంపతులుగా ఎస్.వి. రంగారావు, ఋష్యేంద్రమణి అంతే నవ్విస్తారు. అబద్ధాన్ని మోయలేక అవస్థపడే మనుషులే ఇక్కడ హాస్యానికి ఆధారం, వారి మతం కాదు.

డెబ్బై ఏళ్ల చిత్రం కనుక ముగింపు చెప్పినా తప్పులేదు. మేరీ జన్మరహస్యం బయటపడి చిక్కు వీడుతుంది. మతాంతర వివాహమనే అసలు ప్రశ్నను కథ ఆ మలుపుతో దాటవేసిందన్న అభ్యంతరం న్యాయమైనదే. సినిమా ముగిశాక ఇంట్లో ఆ చర్చే వస్తే మంచిదే.

రైల్వే కుటుంబాలకు బస్టర్ కీటన్ మూకీ చిత్రం ‘ది జనరల్’ (1926) ప్రత్యేకంగా నచ్చుతుంది. అపహరణకు గురైన తన ఇంజను కోసం ఒక డ్రైవరు సాగించే వేట అది. కదిలే ఇంజనుపై కీటన్ స్వయంగా చేసిన సాహసాలను లోకో షెడ్డు తెలిసినవారు మరింత ఆస్వాదిస్తారు. కీటన్‌దే ‘అవర్ హాస్పిటాలిటీ’ (1923) మన ‘మర్యాద రామన్న’ (2010)కు ప్రేరణ. సునీల్, సలోని పాత్రల తొలి పరిచయం జరిగేది కూడా రైలులోనే.

‘హోమ్ అలోన్’ (1990) పూర్తిగా క్రిస్మస్ కథ. కుటుంబమంతా పారిస్ విమానమెక్కగా, ఎనిమిదేళ్ల కెవిన్ ఇంట్లో ఒంటరిగా మిగిలి దొంగలను ఎదుర్కొంటాడు. అందులోని ఉచ్చులు అనుకరించవలసినవి కావని చిన్నపిల్లలకు ముందే చెప్పాలి.

చార్లీ చాప్లిన్ మరణించినది 1977లో క్రిస్మస్ నాడే. ఆకలికి బూటు ఉడికించుకుని తినే దృశ్యం గల ఆయన ‘ది గోల్డ్ రష్’ (1925)ను ఆ సాయంత్రానికి ఉంచుకోవచ్చు. ‘మిస్సమ్మ’ నిడివి దాదాపు మూడు గంటలు కనుక మధ్యాహ్న భోజనం కాగానే మొదలుపెట్టడం మేలు.