నట్టింటి చరిత్ర

రాజులు అగ్రహారములను దానమిచ్చిన తిథివారములు శాసనములలో దొరకును. ఆ అగ్రహారపు ఇండ్లలో మధ్యాహ్న భోజనములైన పిమ్మట ఆడువారు పెరటి పంచలో చేరి ఏమి పాడుకొనిరో, పిల్లలు గచ్చకాయలతో ఎట్లు ఆడుకొనిరో ఆ రాళ్లు చెప్పవు. జాతిజీవితములో అధికభాగము గడచినది మాత్రము ఆ పంచలోనే.

ఈ లోపమును తీర్చుటకు పూనుకొన్నవారిలో సురవరం ప్రతాపరెడ్డిగారిని ముందుగా స్మరింపవలెను. 1949లో వెలువడిన వారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' యుద్ధముల పట్టికను ప్రక్కకు నెట్టి, ప్రజల తిండి, బట్ట, ఆట, పాటలను కావ్యములనుండి ఏరి కూర్చినది. 1955లో సాహిత్య అకాడమి తెలుగునకు ఇచ్చిన మొదటి పురస్కారము ఆ గ్రంథమునకే దక్కినది. గ్రంథకర్త 1953లోనే గతించిరి. కావ్యమును అలంకారములకొరకే చదువు అలవాటున్న మనకు, అందులోని వరుగులును వడియములును కూడ చరిత్రాధారములే యని వారు చూపిరి.

వడియముల మాట వచ్చినది గనుక 'ఆముక్తమాల్యద' దగ్గర కొంత నిలువవలెను. 1509 మొదలు 1529 వరకు విజయనగరమును ఏలిన కృష్ణదేవరాయలు, శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టిన భోజనమును ఋతువుల వారీగా వర్ణించెను. వానకాలమున వరియన్నము, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు తాలింపు కూరలు, వరుగులు, వడియములు, పెరుగు. ఎండకాలమున నులివెచ్చని అన్నము, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకురసము, లేత కొబ్బరినీరు, నీరుమజ్జిగ. చలికాలమున మిరియపు పొడి తగిలిన వేడి కూరలు, ముక్కునకెక్కు ఆవపచ్చళ్లు, ఊరగాయలు, వెచ్చని నేయి. కథ జరిగినది పాండ్యదేశమున. విస్తరిలోని పేర్లు తెలుగు వంటింటివి. దండయాత్రలు నడపిన చక్రవర్తికి ఆవఘాటు ఇంత బాగుగా ఎట్లు జ్ఞప్తియున్నదో యని ఆశ్చర్యము కలుగును.

అంతకంటె విలువైన సంగతి ఒకటి ఆ వానకాలపు పద్యములోనే యున్నది. ముసురు పట్టిన దినములలో భార్య కన్నులకు పొగ సోకకుండుటకై పొయ్యిలో కొబ్బరిచిప్పలు పెట్టి వంట సాగించిరట. ఆ కావ్యమునందే వర్షర్తు వర్ణనలో ఇంకొక ఇల్లాలు నిప్పుకొరకు ఇల్లిల్లు తిరుగును. దొరికిన నిప్పు రాజుకొనదు. రాజుకొన్నను పొగయే గాని వంట తెమలదు. ఈ రెండు పద్యములను ప్రక్కప్రక్కన పెట్టి చదివినగాని విస్తరిముందు కూర్చున్నవాని సుఖమునకు వెల ఎంతయో తెలియదు. పాతకాలపు ఇంటిసుఖములను మెచ్చుకొను వ్యాసములలో తరచుగా మొదటి పద్యమే కనుపించును.

పాటల సంగతియు నిట్టిదే. తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) సువ్వి, లాలి మొదలైన వరుసలలో సంకీర్తనలు కూర్చిరి. అవి రాగిరేకులకెక్కి తిరుమలలో భద్రమైనవి. ఆ వరుసలు పుట్టినది మాత్రము రోటి దగ్గర, ఉయ్యాల దగ్గర. సువ్వి దంపుళ్ల పాట. ఇద్దరు స్త్రీలు ఒకే రోటిలో మార్చి మార్చి పోటు వేయునపుడు రోకళ్లు తగులుకొనకుండ లయ కావలెను; ఆ లయయే పాట యైనది. బియ్యపు మరలు వచ్చిన పిదప రోళ్లు మూలబడినవి, వానితో పాటలును పోయినవి. రోకలి పోయినదని విచారించు మగవారిలో రోకలి పట్టి యెరిగినవారు అరుదని ఇక్కడ చెప్పక తప్పదు. అయినను శ్రమ నిజమైనట్లే ఆ పాటలోని సంతోషమును నిజమే. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచుట చరిత్ర కాదు.

అన్నమయ్యగారి ఇల్లాలు తిమ్మక్క 'సుభద్రాకల్యాణము'ను రచించినది గనుక ఆమె పేరు మనకు మిగిలినది. 1955లో 'స్త్రీల రామాయణపు పాటలు' సంపుటముగా అచ్చుపడినవి. ఇట్టి పాటలలో చాలవాటికి కర్త పేరే లేదు. 'ఊర్మిళాదేవి నిద్ర'లో పదునాలుగేండ్లు నిదురించిన ఊర్మిళ, తిరిగివచ్చిన భర్తను గుర్తింపక పరపురుషుడనుకొని మందలించును. ఈ ఘట్టము వాల్మీకిలో లేదు. పనులు తీరిన ఏ మధ్యాహ్నముననో, మగవారు వినని చోట, వదినమరదండ్రు కూర్చుండి పాడుకొన్న పాట యిది. వారు ఆనందించినది ఆ మందలింపునకే అయి యుండునని నా నమ్మకము.

ఖరగ్‌పూరులోను, షోలాపూరులోను, భీవండిలోను స్థిరపడిన తెలుగిండ్లలో ముసలమ్మల నోట ఇట్టి పాటలు ఇంకను వినబడినచో, అక్కడి రచయితలు పాటతోపాటు పాడిన ఆమె పేరును, ఏ పని చేయుచు పాడినదో ఆ పనిని కూడ వ్రాసియుంచవలెను.